పళ్ల బొమ్మకు వార్నిష్ తొందర వద్దు

సంపాదకులకు నమస్కారం.

ఒక్క పూటలో ఆయిల్ పెయింటింగ్ ఎలా వేయాలో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. గిన్నెలో నాలుగు పళ్లు పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు దించేసి, ఎండలో ఆరబెట్టి, మర్నాడు వార్నిష్ కొట్టేయమన్నారు. స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పటికీ రోజూ బ్రష్ పట్టుకుంటాను. మీ మాట నమ్మి కొత్తవాళ్లు మంచి కాన్వాసులు పాడుచేసుకుంటారేమోనని టెన్షన్ పట్టుకుని ఇది రాస్తున్నాను.

వాటర్ కలర్‌లో నీళ్లు ఆవిరైతే ఆరినట్టే. ఆయిల్ కలర్ సంగతి వేరు. అందులోని అవిసె నూనె గాల్లోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. వేలు పెడితే అంటకపోయినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. అన్ని రంగులూ ఒకేలా ఆరవు కూడా. అంబర్ అనే మట్టి గోధుమరంగులో మాంగనీస్ ఉంటుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో పట్టేస్తుంది. ఐవరీ బ్లాక్, అలిజరిన్ ఎరుపు మాత్రం వారం దాటినా జిగట వదలకపోవచ్చు. నూనె ఎక్కువైనకొద్దీ ఆరడమూ ఆలస్యమే. అందుకే కింది పొరలో నూనె తక్కువ, పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ ఉండాలంటారు. దీన్ని తిరగేస్తే పై పొర ముందు బిగుసుకుంటుంది, కింది పొర ఇంకా కదులుతూనే ఉంటుంది, చివరికి బొమ్మ బీటలు వారుతుంది. మామూలు మందాన వేసిన బొమ్మకే వార్నిష్ వేయాలంటే ఆరు నెలల నుంచి ఏడాది ఆగడం రివాజు. మర్నాడు వేస్తారా! ఆరబెట్టడానికి మండుటెండ అక్కర్లేదు, గాలీ వెలుతురూ ఉన్న గది చాలు. చీకట్లో మూలన పడేస్తే అవిసె నూనె పసుపెక్కుతుంది, అదొకటి గుర్తుంచుకోవాలి.

ఇక ఉన్నది ఉన్నట్టు దించడం. ఒక్క నిమ్మపండు తీసుకోండి. దాని నీడవైపు ముదురు చేయాలని కొత్తవాళ్లు పసుపులో నలుపు కలుపుతారు. వచ్చేది పాచిపట్టినట్టుండే ఆకుపచ్చ. నేనైతే ఓకర్ అనే మట్టి పసుపులో కాస్త అంబర్, బ్రష్ కొసతో కొంచెం వయొలెట్ కలుపుతాను. అలాగని నీడంతా ఒకే రంగు పూస్తే సరిపోదు. కింద తెల్లగుడ్డ పరిచి ఉంటే దాని వెలుగు పండు అడుగుకు తగిలి, నీడలోనే ఆ అంచు కాస్త తేటబడుతుంది. పండు గుడ్డను తాకేచోట మాత్రం సన్నటి గీతలా చిక్కటి చీకటి ఉంటుంది. ఆ గీత లేకపోతే పండు బల్లమీద ఆనదు, గాల్లో తేలుతుంది. మెరుపుచుక్క కూడా ట్యూబులోంచి తీసిన తెలుపు కాదు, కిటికీలోంచి ఏ వెలుగు వస్తుంటే ఆ రంగు అందులో ఉంటుంది. కళ్లు సగం మూసి చూస్తే ఇవన్నీ తెలుస్తాయి.

నల్లద్రాక్ష ఇంకా తమాషా. వెలుగు ఎడమనుంచి పడితే ద్రాక్షపండు కుడి అంచు లోపల్నుంచి ఎర్రగా వెలుగుతుంది. ఆ ముదురు రంగు పూర్తిగా ఆరనిచ్చి, తెలుపులో చిటికెడు నీలం కలిపి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో పైపైన రుద్దితే పండుమీది బూడిద పొర వస్తుంది. వేళ్లు తగిలి ఆ పొర చెరిగినచోట రుద్దకుండా వదిలేయాలి. నాకు మొత్తం పనిలో ఇష్టమైన ఘట్టం ఇదే.

వెలుగునీడలన్నీ మొదట టర్పెంటైన్‌తో పల్చన చేసిన అంబర్‌తోనే పెట్టుకోవాలి, వెలుగు కావలసినచోట గుడ్డతో తుడిచేయాలి. రంగుల్లోకి దిగాక ముందు పాడయ్యేది ముందు వేయాలి. కోసిన ఆపిల్ చూస్తుండగానే గోధుమరంగుకు తిరుగుతుంది, ద్రాక్ష ముడతలు పడుతుంది, నిమ్మ ఓపిగ్గా కూర్చుంటుంది. మచ్చలేని పళ్లే ఏరుకోమన్న మీ సలహా కూడా నాకు నచ్చలేదు. 1590ల చివర్లో ఇటలీ చిత్రకారుడు కారవాజియో వేసిన పళ్లబుట్ట మిలాన్‌లోని అంబ్రోజియానా మ్యూజియంలో ఉంది. అందులో ఆపిల్‌కు పురుగు తొలిచిన రంధ్రం ఉంది, ఆకులు ఎండి ముడుచుకుపోయాయి. అవి తీసేస్తే ఆ బొమ్మలో చూడ్డానికి ఏం మిగులుతుంది?

పళ్ల బొమ్మంటే నేర్చుకునేవాళ్ల కాలక్షేపమన్న చిన్నచూపు మీ వ్యాసంతో పుట్టలేదు లెండి. 1667లోనే ఫ్రాన్స్‌లో ఫెలిబియన్ అనే కళావిమర్శకుడు చిత్రాలకు అంతస్తులు కట్టి, పళ్లూ పూలూ వేసేవాళ్లను అట్టడుగున కూర్చోబెట్టాడు. అయినా తర్వాత అదే ఫ్రాన్స్‌లో సెజాన్ అనే పేరున్న చిత్రకారుడు జీవితమంతా ఆపిల్స్ వేస్తూనే ఉన్నాడు.

వ్యాసంలో అస్సలు రాయని విషయం ఒకటుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేస్తే, ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోలేక వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయాలి, లేదా మూతున్న ఇనప డబ్బాలో నీళ్లలో వేసి ఉంచాలి. మిగతాది వేసినా వేయకపోయినా, ఈ నాలుగు ముక్కలూ వచ్చే ఆదివారం అదే పేజీలో బాక్సు కట్టి వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు