డ్రిల్లింగ్ మిషన్ పెట్టె మీద కనిష్ఠ వేగం రాయాలి

సంపాదకులకు,

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేశాను. ఇప్పుడు పటమటలో ఇంటి వెనక రేకుల పందిరి కింద చిన్న చిన్న పనులు చేసుకుంటున్నాను. ఇంట్లో పెట్టుకోవడానికి తక్కువ ధరలో బెంచ్ డ్రిల్ (బల్ల మీద నిలిపి బెజ్జాలు వేసే మిషన్) ఏది కొనాలి బాబాయ్ అని వీధిలో కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు. వాళ్లలాంటి పాఠకుల కోసం, మిషన్లు అమ్మేవాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక మిషన్ 7 వేలకు కొన్నాను. పెట్టె మీద వాట్లు, 13 మి.మీ. చక్ (బెజ్జం వేసే బిట్టుని పట్టి ఉంచే భాగం) అని పెద్ద అక్షరాలతో ఉంది. మనవరాలి ఉయ్యాలకి ఇనుప పట్టీలో 12 మి.మీ. బెజ్జం వేయబోతే బిట్టు కీచుమని అరిచింది, మొన నీలం తిరిగింది. వేగం తగ్గిద్దామని నాబ్ తిప్పితే మోటారు బలం కూడా పోయి ఆగిపోయింది. వాపసు అడిగితే గడువు దాటిందన్నారు. చాలా బాధపడ్డాను.

లెక్క కష్టమేమీ కాదు. మామూలు ఇనుముకి హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టు కోత వేగం (బిట్టు అంచు ఇనుము మీద కదిలే వేగం) నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, 6 మి.మీ. బిట్టు 1300 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర తిరగాలి. 12 మి.మీ. బిట్టుకి 650 చాలు. బిట్టు లావయ్యే కొద్దీ వేగం తగ్గాలి, బలం మాత్రం నిలవాలి. మెట్లలా చిన్నా పెద్దా వరసలున్న పుల్లీల మీద బెల్టు మార్చుకునే మిషన్లో వేగం తగ్గితే బలం పెరుగుతుంది. 13 మి.మీ. చక్ పెట్టి, వేగం 600 దాకా దిగని మిషన్ అమ్మితే ఆ చక్‌లో పట్టే లావు బిట్టు ఇనుము పనికి అక్కరకు రాదు. చెక్క పని ఒక్కటే చేసుకునేవాళ్లకి ఈ ఇబ్బంది అంతగా ఉండదు.

కొనే ముందు చేత్తో చూడాల్సినవి ఉన్నాయి. స్పిండిల్‌ని (చక్‌ని తిప్పే ఇరుసుని) కిందికి దించి, చక్ పట్టుకుని పక్కలకి ఊపండి. టకటకమని ఆడితే ధర ఎంత తగ్గించినా వద్దు. చక్‌లో తిన్నని కడ్డీ బిగించి స్విచ్ వేయించండి, కడ్డీ కొస గుండ్రంగా ఊగుతుంటే బెజ్జం కొలతకి రాదు. మిషన్ బల్లని అరచేత్తో గట్టిగా నొక్కండి, వంగకూడదు. పోత ఇనుము మిషన్ ఎత్తడానికి ఇద్దరు కావాలి, ఆ బరువే పనికి నిలకడ. ఇంట్లోకి సగం హెచ్‌పీ మోటారు సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ మిషన్ అంటే భయపడక్కర్లేదు. నేను ఇప్పుడు వాడుతున్నది అదే. కాకపోతే షెడ్డుల నుంచి వచ్చేవాటికి ఎక్కువగా త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది. ఇళ్లలో ఎక్కువగా సింగిల్ ఫేజే కాబట్టి మోటారు మార్చే ఖర్చు బేరంలోనే కలుపుకోవాలి.

మిషన్‌తో పాటు వైస్ (పట్టీని కదలకుండా బిగించి పట్టుకునేది) కూడా కొనండి. బిట్టు అవతలి వైపుకి వచ్చే క్షణంలో పట్టీని పట్టేసి గిర్రున తిప్పుతుంది. మా షెడ్డులో పక్క బెంచీ కుర్రాడు పట్టీని చేత్తో పట్టుకోబట్టే బొటనవేలు తెగింది. చేతికి గ్లౌజులు, మెడలో తువ్వాలు ఉంటే బిట్టుకి చుట్టుకుని ఇంకా ప్రమాదం.

తయారీదారులను నేను కోరేది ఒక్కటే. వాట్ల పక్కనే కనిష్ఠ వేగం, ఆ వేగంలో ఇనుములో ఎంత బెజ్జం పడుతుందో అచ్చు వేయండి. దుకాణదారులు స్విచ్ వేసి, ఒక ఇనుప ముక్కలో బెజ్జం వేసి చూపించి అమ్మండి. అందుకు పట్టేది ఐదు నిమిషాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
పటమట, విజయవాడ