ఎన్టీఆర్ వంద కాయిన్ మా దగ్గర కొన్నవాళ్లకి

ముందు విషయం చెప్పేస్తాను. పోయిన దసరాకీ సంక్రాంతికీ మధ్య మా సుల్తాన్ బజార్ షాపులో ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల కాయిన్ కొని ఉంటే, దాని కవర్ మీద నా చేత్తో ఎర్ర ఇంకుతో 64 అనో 65 అనో గ్రేడ్ నంబరు (కాయిన్ ఎంత బాగుందో చెప్పే అంకె) రాసి ఉంటే, దయచేసి ఒకసారి వెనక్కి పట్టుకురండి. వాటిలో చాలావరకు తుడిచిన కాయిన్లు. అమ్మేటప్పుడు నాకు తెలీదు. తెలిసి ఉండాల్సింది.

ఎలా బయటపడిందంటే, మన పాత కస్టమర్ ఒకాయన, దిల్‌సుఖ్‌నగర్‌లో లెక్చరర్, మా దగ్గర కొన్నదాన్ని గ్రేడింగ్ కోసం, అంటే పరీక్షించి నంబరు వేసి ఇచ్చే కంపెనీకి, అమెరికా పంపించారు. కొన్ని నెలలకి అది ప్లాస్టిక్ స్లాబ్‌లో సీలై తిరిగొచ్చింది. లేబుల్ మీద నంబరు లేదు. 'యూఎన్‌సీ డీటెయిల్స్, క్లీన్డ్' అని ఉంది. అంటే వాడని కాయినే, కానీ ఎవరో శుభ్రం చేశారు కాబట్టి నంబరు ఇవ్వం అని. ఆయన నాకు దాని ఫోటో పెట్టి, కింద "అన్నా, ఇది ఒకసారి చూడండి" అని మాత్రం రాశారు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

నేనేం చేశానో కూడా చెప్పాలి కదా. నాలుగు రోజులు ఆయనతో వాట్సాప్‌లో వాదించాను. "సార్, అవి తుడిచిన గీతలు కావు, డై గీతలు, అమెరికా వాళ్లకి మన మింట్ పని ఏం తెలుసు" అని పెద్ద పెద్ద మెసేజులు. మింట్‌లో, అంటే నాణేలు కొట్టే చోట, డైని (అచ్చు దిమ్మని) నున్నగా అరగదీసినప్పుడు దాని మీద సన్నని గీతలు పడతాయి, అవి కాయిన్ మీదకి ఉబ్బుగా వస్తాయి, బొమ్మ అంచు దాకా వచ్చి ఆగిపోతాయి. గుడ్డతోనో పొడితోనో రుద్దిన గీతలు లోపలికి గీరుకుని ఉంటాయి, బొమ్మని ఖాళీ జాగాని ఒకేలా దాటుకుంటూ పోతాయి. ఈ తేడా మా షాపు స్టూలు మీద కూర్చోబెట్టి కనీసం యాభై మందికి నేనే నేర్పించి ఉంటాను. చదివే మీలో కూడా కొందరు ఉంటారు, నవ్వుకోండి పర్లేదు.

ఐదో రోజు రాత్రి షట్టర్ దించి, ట్యూబ్‌లైట్ ఆపేసి, ఒంటి బల్బు టేబుల్ ల్యాంప్ కింద సప్లయర్ దగ్గర ఒకేసారి కొన్న ఆ లాట్‌లో మిగిలిన తొమ్మిదీ బయటికి తీశాను. (ట్యూబ్‌లైట్ కింద ఎప్పుడూ గ్రేడ్ చేయకూడదు, వెలుగు అంతటా పరుచుకుని గీతలన్నీ దాక్కుంటాయి. దసరా రష్‌లో నేను చేసింది సరిగ్గా అదే.) ముట్టని కాయిన్‌ని ల్యాంప్ కింద మెల్లగా తిప్పితే వెలుగు బండి చక్రం ఆకుల్లా దాని మీద గుండ్రంగా తిరుగుతుంది. వీటిలో రెండింటి మీదే అలా తిరిగింది. మిగతా ఏడింటి మీద వెలుగు పాల మీగడలా ఒకేచోట పరుచుకుని కూర్చుంది. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే ఎన్టీఆర్ చెంప మీద మొదలైన గీతలు ఖాళీ జాగా దాటి అంచు దగ్గరి అక్షరాల దాకా ఒకే వాటంగా పోయాయి. ఒక అక్షరం మూలలో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. ఎలాగూ పోయిన కాయినే కదా అని అగ్గిపుల్ల కొనతో తీసి వేళ్ల మధ్య నలిపి వాసన చూశాను. విభూది.

ఇక మా సప్లయర్ గురించి. కోస్తా వైపు ఆయన, పేరు చెప్పను. పదకొండేళ్లుగా "బాబాయ్" అని పిలుస్తున్నాను, వాళ్ల అమ్మాయి పెళ్లికి వెళ్లి పప్పన్నం తిని వచ్చాను. నలభై కాయిన్లు ఇచ్చాడు, అభిమానుల ఇళ్ల నుంచి కొన్నవి, ఫోల్డర్లు (మింట్ వాళ్లు కాయిన్ పెట్టి అమ్మే అట్టలు) విప్పి ఉంటాయి కానీ కాయిన్లు మాత్రం ఎవరూ ముట్టనివి అన్నాడు. ధర కూడా కొంచెం తగ్గించాడు. అక్కడే నాకు అనుమానం రావాలి. రాలేదు, ఎందుకంటే పదకొండేళ్లలో ఒక్క కాయిన్ తేడా రాలేదు. ఫోన్ చేసి అడిగితే ఆయన దాచను కూడా దాచలేదు. "వెండిది కదయ్యా, నల్లబడితే ఎవడు కొంటాడు? మీ పిన్ని దేవుడి సామాన్లతోపాటు కాస్త విభూది పెట్టి తోమింది, అంతే" అన్నాడు. నాకేదో మేలు చేసినట్టు అన్నాడు. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. అంతటితో ఆగాడా? "నువ్వు చూసుకునే కొన్నావు కదా" అని కూడా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది, ఎందుకంటే నిజం. డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు, సగం ఇస్తానన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. పిన్ని మీద నాకు కోపం లేదు. ఇంట్లో వెండి కుందులు ఎలా తోముతారో అలాగే తోమింది. కాయిన్ల వ్యాపారం చేస్తూ ఆమె చేతికిచ్చిన మనిషి మీదే నా కోపం.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఆ కాయిన్‌ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు, తయారైంది మన హైదరాబాద్ మింట్‌లోనే. 44 మిల్లీమీటర్లు. అందులో వెండి 50 శాతమే, రాగి 40, మిగతాది నికెల్, జింక్. అంత రాగి ఉన్నాక గాలి తగిలితే రంగు మారుతుంది, మారడం తప్పు కాదు. దాన్ని టోనింగ్ అంటారు, అందంగా వస్తే ఎక్కువిచ్చి కొనేవాళ్లు కూడా ఉన్నారు. నల్లబడ్డ కాయిన్ బతికే ఉంటుంది, తోమిన కాయిన్ మాత్రం పోయినట్టే, పోయిన లస్టర్, అంటే ఆ తొలి మెరుపు, మళ్లీ రాదు.

ఇప్పుడు నాకు వారం రోజులు నిద్ర పట్టనివ్వని సంగతి. కవర్ మీద నంబర్లు రాయాలా, మానాలా?

ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల పక్కన గుడ్డ పరిచి కూర్చున్న రోజుల నుంచి నేను నంబరు రాస్తున్నాను. "అన్న 65 రాశాడంటే 65" అని మీరే అనేవాళ్లు, నాకు అది మీసం మెలేసినంత పని. కానీ నిజంగా ఆ నంబరు ఏంటి? షెల్డన్ అనే ఆయన 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా కట్టిన లెక్క అది, 1 గ్రేడ్ కాయిన్ కంటే 70 గ్రేడ్‌ది డెబ్బై రెట్లు ధర పలకాలని ఆయన ఉద్దేశం. ఆ కొలబద్దనే ఇవాళ చర్లపల్లిలో, మన హైదరాబాద్ మింట్‌లో కొట్టిన కాయిన్ మీద పెడుతున్నాం. 60 నుంచి 70 దాకా అన్నీ వాడని కాయిన్లే, అరుగుదల ఎక్కడా ఉండదు. సంచిలో ఒకదానికొకటి తగిలిన దెబ్బలు ఎన్ని, చెంప మీద పడ్డాయా జుట్టులో పడ్డాయా, లస్టర్ ఎంత, అచ్చు ఎంత గట్టిగా పడింది, ఇవే తేడాలు. చెంప మీద ఒక్క నొక్కు పడితే కిందికి వస్తుంది, జుట్టులో పడితే ఎవరూ పట్టించుకోరు. 70 అంటే అయిదు రెట్లు పెంచి చూపే అద్దం కింద కూడా లోపం కనబడకూడదు. 64కీ 65కీ మధ్య ఉన్నది చూసేవాడి కన్ను, ఆ రోజు వాడి ఓపిక. దసరా రష్‌లో నా ఓపిక ఎంతుందో మీరు చూశారు.

మా ఇంటావిడ పదిహేడేళ్లుగా ఒకటే మాట, "రాయడం ఎందుకు, చూపించి అమ్ము" అని. రాయడం మానేశాను. ఇకనుంచి కవర్ మీద ముట్టనిది, కొంచెం తిరిగింది, బాగా తిరిగింది, తుడిచింది, ఈ నాలుగు మాటల్లో ఒకటే ఉంటుంది (తిరిగింది అంటే చేతులు మారి వాడకంలో అరిగింది అని). కౌంటర్ మీద ల్యాంప్, లూప్ పెట్టాను, తిప్పి చూసుకుని కొనండి. స్లాబ్ చేసిన కాయిన్లే అమ్మమని కొందరు సలహా ఇచ్చారు, ఆ పని మాత్రం చేయను. రెండు రూపాయల స్టీల్ కాయిన్‌కి వేల రూపాయల ఫీజు కట్టి డబ్బాలో పెట్టించడం ఏంటండీ?

అలాగని నాకు కళ్లు పోయాయని ప్రచారం చేయకండి. మొన్న ఒక కుర్రాడు, కింద హైదరాబాద్ మింట్ నక్షత్రం గుర్తున్న స్టీల్ రెండు రూపాయలు తెచ్చాడు, సింహాల మొహాలు మసగ్గా ఉన్నాయి, ఇంకో షాపాయన అరిగిపోయిందని పంపించేశాడట. ల్యాంప్ కింద తిప్పితే ఆ మొహాల మీద కూడా వెలుగు తిరుగుతోంది. అరిగితే ముందు పోయేది ఎత్తు మీది మెరుపే. స్టీల్ గట్టిది, అచ్చు సరిగ్గా పడలేదు, అంతే. ముట్టని కాయినే అది. ఈ విషయంలో ఎవరొచ్చి వాదించినా నేను తగ్గను.

సరే, లెక్క. నలభైలో ముప్పై ఒకటి అమ్మాను. ఇరవై ఆరుగురి నంబర్లు నోట్‌బుక్‌లో ఉన్నాయి, అందరికీ ఫోన్ చేశాను. పద్నాలుగు కాయిన్లు వచ్చాయి, పదకొండు తోమినవే తేలాయి. మిగతా ఐదుగురు నగదు ఇచ్చి వెళ్లినవాళ్లు, ఇది రాస్తున్నది ముఖ్యంగా మీకోసం. మీ ముందే చూస్తాను. తోమిందైతే కొన్న ధర మొత్తం అక్కడికక్కడే ఇస్తాను. అభిమానంతో ఉంచుకుంటామంటే సగం ఇస్తాను, కవర్ మీద 'తుడిచింది' అని రాసి ఇస్తాను. లెక్చరర్ గారి గ్రేడింగ్ ఫీజు నేనే కట్టాను. ఆయన అడగలేదు, ఇక ఆ మాట ఎత్తొద్దు. వెనక్కి వచ్చినవి మాత్రం అమ్మను, ఎవరు నేర్చుకోడానికి వచ్చినా చూపించడానికి డబ్బాలో పెట్టాను.

బిల్లు లేకపోయినా పర్లేదు, ఎర్ర ఇంకు నా చేతి రాత నాకు తెలుసు. ఫోల్డర్ ఉంటే దాంతో సహా తెండి. ఒక్క సంగతి, పోయిన వారం బర్కత్‌పురా నుంచి ఒకావిడ నాకు గీతలు బాగా కనబడాలని కాయిన్‌ని కొంగుతో శుభ్రంగా తుడిచి మరీ తెచ్చారు. అమ్మా, మీరు మాత్రం అలా చేయకండి, ఎలా ఉందో అలాగే తెండి.