చుక్క లేని స్వరం తప్పు స్వరమే

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో సంగీతం మీద వేసిన పేజీ గురించి ఈ ఉత్తరం. ఒక పేజీ మొత్తం సంగీతానికి ఇచ్చినందుకు చాలా సంతోషించాను. ముప్పై ఎనిమిదేళ్లుగా గాత్రం, వీణ నేర్పుతున్నదాన్ని. అందుకే ముందు నా కళ్లు పేజీ అడుగున వేసిన పిళ్ళారి గీతం స్వరాల మీదికి వెళ్లాయి. పైన ఉన్న వ్యాసం ఆ తర్వాతే చదివాను. రెండింటి గురించీ చెప్పాలి.

ముందు గీతం సంగతి. మలహరి రాగం, రూపక తాళం. వరసలు, అలంకారాలు అయ్యాక పిల్లలు మొట్టమొదట పట్టుకునే పాట. మీ పేజీలో మొదటి వరస ఇలా ఉంది: మ ప | ద స స రి || రి స | ద ప మ ప ||. అక్షరాలన్నీ సరైనవే. కానీ ఆ వరసలో మూడు 'స'ల మీద, రెండు 'రి'ల మీద, మొత్తం ఐదు చుక్కలు ఉండాలి. ఒక్కటీ లేదు. పైన చుక్క ఉంటే అది తారస్థాయి, అంటే పై స్థాయి స్వరం. ఏ చుక్కా లేకపోతే మధ్యస్థాయి.

నా దగ్గర నేర్చుకునే తొమ్మిదేళ్ల పాప సోమవారం ఆ కాగితం కత్తిరించి తెచ్చింది. ఇంకా గీతాల్లోకి రాలేదు. ఇంట్లో తనంతట తానే సాధన చేసి నాకు వినిపించాలని ఉత్సాహం. మ, ప, ద చక్కగా ఎక్కింది. ఆ తర్వాత పై షడ్జాన్ని అందుకోవాల్సిన చోట గొంతు ఒక్కసారిగా కిందికి, ఆధార షడ్జం దగ్గరికి దిగిపోయింది. అక్కడే స స రి అని పాడి, మళ్లీ ఎగిరి ధైవతం పట్టుకోలేక తడబడింది. "కాదమ్మా, అది పై స" అన్నాను. "పేపర్లో ఇలాగే ఉంది టీచర్" అని కాగితం నా ముందు పెట్టింది. పాప చదవాల్సినట్టే చదివింది. కాగితమే తప్పు.

మన పద్ధతిలో ప్రతి చిన్న గుర్తుకీ పని ఉంది. 'స' అంటే ఒక అక్షరకాలం, 'సా' అంటే రెండు. తెలుగులో హ్రస్వ దీర్ఘాలు ఉన్నాయి కాబట్టి కాలం కూడా అక్షరంలోనే ఇమిడిపోతుంది. ఇంకా నిలపాలంటే పక్కన కామా పెడతాం, అది ఒక అక్షరకాలం. సెమికోలన్ పెడితే రెండు. స్వరాల నెత్తిన గీత గీస్తే వేగం రెట్టింపు, రెండు గీతలైతే నాలుగింతలు. నిలువు గీత దగ్గర తాళంలో ఒక అంగం, అంటే ఒక భాగం ముగుస్తుంది, జంట గీత దగ్గర ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు పూర్తవుతుంది. చుక్క పైన ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రస్థాయి, అంటే కింది స్థాయి. వీటిలో అన్నిటికంటే చిన్నది చుక్కే, టైపు చేసేటప్పుడు ముందు రాలిపోయేదీ అదే. మన అక్షరానికి నెత్తిన తలకట్టో గుడో ముందే ఉంటుంది, చుక్క దాని మీద కూర్చోవాలి. ఒక ఫాంట్‌లోంచి ఇంకో ఫాంట్‌లోకి మార్చినా, వాట్సాప్‌లో పంపినా కనిపించకుండా పోతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్లు పై స్థాయికి పెద్దక్షరం వాడి సరిపెట్టుకుంటున్నారు. మనకు పెద్దక్షరాలు లేవు, చుక్కే దిక్కు.

ఇక పైన ఉన్న వ్యాసం. మన సంగీతం గురుముఖతః వచ్చిందని రాశారు, నిజమే. కానీ స్వరం రాసుకోవడం మాత్రం మనం పాశ్చాత్యులు వచ్చాకే నేర్చుకున్నామని అదే వాక్యంలో అన్నారు. అది పొరపాటు.

7వ శతాబ్దం మొదట్లో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఇసిదోర్ అనే బిషప్ ఉండేవారు. తన కాలపు విద్యలన్నిటినీ ఒకచోట చేర్చి రాసిన పెద్ద పండితుడు. ధ్వనులను మనిషి జ్ఞాపకం ఉంచుకోకపోతే అవి నశిస్తాయి, ఎందుకంటే వాటిని రాయడం కుదరదు అని ఆయన రాశారు. మన దగ్గర మాత్రం రాశారు. తమిళనాడులో పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై కొండ మీది శాసనం కూడా, లిపిని బట్టి, 7వ శతాబ్దం నాటిదేనని పండితుల అంచనా. ఏడు రాగాలకు వరసగా స్వరాలు రాతి మీద చెక్కి ఉన్నాయి. నాలుగేసి స్వరాలు ఒక గుంపు. ఒకే రిషభాన్ని ర, రి, రు, రె అని గుణింతం మార్చి మార్చి చెక్కారు. రుద్రాచార్యుడి శిష్యుడైన ఒక రాజు శిష్యుల మేలు కోసం వీటిని కూర్చాడని శాసనమే చెబుతోంది. శిష్యుల మేలు కోసం అన్న ఆ మాట తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. పదమూడు వందల ఏళ్ల కిందట కూడా ఒకరు పిల్లలు తప్పు పాడకూడదని రాయిని పట్టుకుని కూర్చున్నారు. ఆ గుణింతాల తేడా దేనికన్నది మాత్రం ఇప్పటికీ అందరూ ఒప్పుకునేలా తేలలేదు.

ఆ తర్వాత 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడి సంగీతరత్నాకరంలో స్వరాలు రాసి ఉన్నాయి. 1609లో సోమనాథుడు రాగవిబోధంలో వీణ మీటులకు, గమకాలకు (స్వరాన్ని ఊపే, జార్చే పద్ధతులకు) విడివిడిగా గుర్తులే పెట్టాడు. ఇవన్నీ దాటి నేను అసలు చెప్పాలనుకుంటున్నది 1904 గురించి. ఎట్టయాపురం సంస్థానంలో సుబ్బరామ దీక్షితులు గారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చయింది ఆ ఏడే. తమిళ దేశంలో, తెలుగు లిపిలో, కృతులను స్వరాలతో సహా ఇచ్చిన, వెయ్యి పేజీలు దాటిన గ్రంథం. చిన్నస్వామి మొదలియార్ గారు వెంటపడి పట్టుబట్టకపోతే అది వచ్చేది కాదు. మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయడానికి ఆయన అంతకుముందే తన సర్వస్వం ధారపోశారు.

ఆ పుస్తకంలో ఒక పేజీ తెరిచి చూడండి. కంపితం అనే గమకానికి అలల గీత. స్ఫురితానికి త్రికోణంగా మూడు చుక్కలు, ప్రత్యాహతానికి అవే తిరగేసి. పైకి జారితే ఇటు వాలిన గీత, కిందికి జారితే అటు వాలిన గీత. నొక్కు, రవ, ఖండింపు, వళి, ఒడుక్కు, ఒరిక దేని గుర్తు దానికి ఉంది. సీసపు అచ్చులు ఒక్కొక్కటీ చేత్తో పేర్చే రోజుల్లో, తెలుగు అక్షరాల నెత్తిన ఈ గుర్తులన్నీ నిలబెట్టారు. నేను మొదటిసారి ఆ పేజీలు చూసినప్పుడు పాట పక్కన పెట్టి, ఆ అచ్చు పేర్చిన మనిషి కళ్ల గురించి చాలాసేపు ఆలోచించాను.

బయటి వాళ్ల చరిత్రలోనూ ఇదే తపన. యూరప్ చర్చిల్లో 9వ శతాబ్దం నుంచి పాట మాటల మీద చిన్న చిన్న కొక్కేల్లాంటి గుర్తులు పెట్టుకునేవారు. గొంతు పైకి వెళ్లాలో కిందికి రావాలో తెలిసేది గానీ ఎంత దూరమో తెలిసేది కాదు. మా పాప పడ్డ ఇబ్బందే అది. 11వ శతాబ్దంలో ఇటలీకి చెందిన గీదో అనే సన్యాసి ఆ గుర్తులను గీతల మీద కూర్చోబెట్టి, ఏ గీత ఏ స్వరమో తెలియడానికి ఎరుపు, పసుపు రంగులు వాడారు. పదేళ్లు పట్టే చదువు తన పద్ధతిలో ఒకటి రెండేళ్లకు వచ్చేస్తోందని ఆయన ఒక ఉత్తరంలో రాసుకున్నారు. 1501లో వెనిస్‌లో పెట్రూచి ఆ సంగీతాన్ని అచ్చు వేసినప్పుడు ఒకే కాగితాన్ని మూడుసార్లు అచ్చుయంత్రంలో పెట్టారు. గీతలకు ఒకసారి, స్వరాలకు ఒకసారి, మాటలకు ఒకసారి. గీత మీద పడాల్సిన స్వరం వెంట్రుకవాసి జరిగినా తప్పు చదువుతారు కాబట్టి అంత శ్రమ.

అందరూ ఒకే సంగతి రాసుకోలేదు. చైనా వాళ్ల ఏడు తీగల గుచిన్‌కు రాసిన స్వరలిపిలో స్వరం పేరు ఉండదు. ఏ వేలితో ఏ తీగను ఎక్కడ మీటాలో ఉంటుంది. ఎంతసేపు నిలపాలో ఉండదు, అది వాయించేవాళ్లు గురువుల దగ్గర విన్నదాన్ని బట్టి, సాధన చేసి తేల్చుకుంటారు. లూయీ బ్రెయిల్ 1829లో అచ్చు వేసిన తన లిపిలో సంగీతానికీ చోటిచ్చారు, ఆయన స్వయంగా ఆర్గన్ వాయించేవారు. ఇప్పుడు వాడుకలో ఉన్న బ్రెయిల్ సంగీత లిపిలో ఆరు చుక్కల గడిలో పై నాలుగూ స్వరం, కింది రెండూ కాలం. అక్కడ చుక్క పోతే పాటే మారిపోతుంది. హిందుస్తానీ సంగీతానికి భాత్‌ఖండే గారు కూర్చిన పద్ధతిలో కోమల (తగ్గించిన) స్వరం కింద అడ్డగీత, తీవ్ర (హెచ్చించిన) మధ్యమం మీద నిలువు గీత, స్థాయికి మాత్రం మనలాగే చుక్క.

రాసిందంతా బతుకుతుందని నేను అనను. ఆర్మేనియా వాళ్లకు ఖాజ్ అనే ప్రాచీన గుర్తులు ఉన్నాయి. ఎన్నో రాతప్రతులు మిగిలాయి, కానీ నేర్పే గొంతులు మధ్యలో తెగిపోయాయి. ఆ గుర్తులు ఇప్పుడు ఎవరూ పూర్తిగా చదవలేరు. మన తోడి రాగం కూడా అంతే. 'గ' అని రాసిన దాన్ని నిలువుగా పాడితే తోడి రాదు. ఆ గాంధారం ఎలా ఊగాలో పక్కన కూర్చుని వినాల్సిందే. కాబట్టి గురువు అక్కర్లేదని నేను ఎన్నడూ చెప్పను. గురువు లేని రోజున ఆ కాగితమే మిగులుతుంది, అది సరిగ్గా ఉండాలన్నదే నా బాధ.

ఇది నాకు అనుభవం. మా గురువుగారు రాసిచ్చిన నోటుబుక్కు ఒక వానాకాలంలో తడిసింది. సిరా అలుక్కుపోయినా అక్షరాలు ఆనవాలు పట్టగలిగాను. గీతలూ తెలిశాయి. చుక్కలు మాత్రం కరిగిపోయాయి. ఒక చిట్టస్వరంలో, అంటే కృతిలో పాడే స్వరాల వరసలో, 'స ప స' అని ఉంది. ఆ పంచమం మంద్రస్థాయిలోదా, మధ్యస్థాయిలోదా? రెండు విధాలా పాడొచ్చు, రెండూ రాగానికి సరిపోతాయి. అప్పటికి గురువుగారు లేరు. ఉండి ఉంటే ఒక్క క్షణంలో పాడి చూపించేవారు. ఆయన దగ్గర నాతోపాటు నేర్చుకున్న అక్కయ్య ఇంటికి వెళ్లి, ఇద్దరం ఒక మధ్యాహ్నమంతా పాడి చూశాం. ఆమెకు ఒకలా గుర్తు, నాకు ఇంకోలా గుర్తు. ఇప్పటికీ నా పిల్లలకు అది నేర్పేటప్పుడు మంద్రంలో చెబుతాను, చెప్పిన ప్రతిసారీ మనసు పీకుతూనే ఉంటుంది.

అందుకని నా విన్నపం. ఆ గీతాన్ని చుక్కలతో మళ్లీ ఒకసారి వేయండి. కంప్యూటర్‌లో కుదరకపోతే ఎవరిచేతనైనా చేత్తో రాయించి, దాన్నే ఫొటో తీసి వేయండి, తప్పేమీ లేదు. పక్కన రెండు వాక్యాల్లో పై చుక్క, కింద చుక్క అంటే ఏమిటో చెప్పండి. ఇకమీద స్వరాలు వేసే ప్రతిసారీ ప్రింట్‌కు పంపే ముందు పాట తెలిసిన ఒకరికి చూపించండి. ఎవరూ దొరకకపోతే నాకు పంపండి, ఎంత రాత్రయినా చూసి పెడతాను. ఈ ఉత్తరంతోపాటు ఆ గీతం మొత్తం నా చేతిరాతతో జతచేస్తున్నాను. ఈ ఉత్తరంలో కూడా నేను పైన టైపు చేసిన వరసకు చుక్కలు పెట్టలేకపోయాను, చేతిరాత ప్రతిలో చూడండి.

పాప తెచ్చిన కాగితాన్ని తన నోటుబుక్కులో అతికించి, ఎర్ర పెన్నుతో చుక్కలన్నీ పెట్టి ఇచ్చాను. ఇంకా ఎందరు పిల్లలు ఆ పేజీని కత్తిరించి దాచుకున్నారో. వాళ్ల కాగితాలకు చుక్కలు మీరే పెట్టాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక సంగీతం టీచరు