కూల్చేసిన స్టూడియో, అటకెక్కిన క్యాసెట్లు

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో తెలుగు రేడియోల గురించి మీ ప్రవాసుల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. శ్రద్ధగా రాశారు. కానీ ఇంగ్లీషు కాని భాషల్లో టీవీ అనేది ఇక్కడ డిష్‌లు వచ్చాకే మొదలైందని అందులో ఒక మాట ఉంది. అది సరికాదు. పాతికేళ్ళకు పైగా నేనుంటున్న ఊరు టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో. అమెరికా ప్రధాన భూభాగంలో మొట్టమొదటి స్పానిష్ టీవీ స్టేషన్ ఈ ఊళ్ళోనే 1955 జూన్‌లో 41వ ఛానెల్‌గా పుట్టింది. ఈ పొరపాటు దిద్దమని అడగడానికే రాయడం మొదలుపెట్టాను గానీ, ఆ స్టేషన్‌కి తర్వాత ఏమైందో కూడా మన పాఠకులకు చెప్పాలనిపించింది.

దాన్ని పెట్టినాయన రౌల్ కోర్టెజ్. మెక్సికోలోని వెరాక్రూజ్ రాష్ట్రంలో 1905లో పుట్టాడు. ఇక్కడికొచ్చి లా ప్రెన్సా అనే స్పానిష్ పత్రికలో విలేకరిగా చేశాడు, బీరు కంపెనీకి సేల్స్‌మన్‌గా తిరిగాడు. ఆ తర్వాత ఒక రేడియో స్టేషన్‌లో టైమ్ కొనుక్కుని, ప్రకటనలు తనే దుకాణాల వెంట తిరిగి తెచ్చుకుని, స్పానిష్‌లో పాటలూ కబుర్లూ వినిపించేవాడు. శనాదివారాల్లో గంట కొనుక్కుని తెలుగు కార్యక్రమం నడిపే మనవాళ్ళకి ఈ తిప్పలు కొత్త కాదు. సొంత స్టేషన్ కోసం 1944లో దరఖాస్తు పెట్టాడు. యుద్ధకాలం కాబట్టి పరాయి భాష రేడియో అంటేనే ప్రభుత్వానికి అనుమానం. స్పానిష్‌లో చెబితేనే మెక్సికన్ కుటుంబాలు యుద్ధంలో దేశానికి సాయంగా నిలబడతాయని ఆయన వాదించాడు. 1946లో కేసీఓఆర్ రేడియో మొదలైంది. ఆ పేరులో ఉన్నది ఆయన ఇంటిపేరే. టెక్సస్ బడుల్లో మెక్సికన్ పిల్లల్ని విడిగా కూర్చోబెట్టడం తప్పని 1948లో కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసు వెనక నిలబడింది లులాక్ అనే మెక్సికన్ అమెరికన్ల హక్కుల సంఘం. దానికి ఆయన రెండు విడతలు అధ్యక్షుడిగా ఉన్నాడు. రేడియో ఆయనకి వ్యాపారమే, కాదనను. కానీ తనవాళ్ళు తలెత్తుకుని బతకాలన్న పట్టుదల కూడా అందులో ఉంది.

రేడియో తర్వాత టీవీ. 1950 లెక్కల్లో ఈ ఊరి జనాభా నాలుగు లక్షల పైచిలుకు. మామూలు ఛానెళ్ళు ఇంగ్లీషు స్టేషన్లకి పోయాయి. కోర్టెజ్‌కి దొరికింది యూహెచ్‌ఎఫ్ బ్యాండ్‌లో 41. అప్పటి టీవీ సెట్లలో ఎక్కువ భాగం ఆ బ్యాండ్‌ని పట్టుకోలేవు. కన్వర్టర్ అని విడిగా ఒక పెట్టె కొని, దానికి వేరే యాంటెన్నా తగిలించాలి. మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది, నన్ను కూతురిలా చూసేది. ఆ పెట్టె గురించి చెప్పేటప్పుడు ఆవిడ చేతులు వాటంతటవే గాలిలో తిరిగేవి. దాని గుండ్రటి నాబ్‌ని వేలి కొసతో వెంట్రుకవాసి తిప్పాలట. కొంచెం ఎక్కువ తిప్పితే తెరంతా చుక్కలే. నాన్న తిప్పుతుంటే అమ్మ వంటింట్లోంచి "ఆపు, ఆపు, పాట వినిపిస్తోంది" అని అరిచేదట. టీవీ మీద అప్పు ఇంకా తీరకుండానే ఆ పెట్టె కోసం మళ్ళీ అప్పు చేశారు. సాయంత్రం ఆ ఒక్క ఛానెల్ చూడటానికి ఇరుగుపొరుగు పిల్లలంతా వాళ్ళ గదిలో నేల మీద కూర్చునేవారు. మెక్సికన్ సినిమాలు, స్టూడియోలోంచి లైవ్‌గా పాటలు, హాస్యం.

చూసేవాళ్ళకి కొదవ లేదు. ప్రకటనలే రాలేదు. పెట్టె ఉన్న ఇళ్ళు తక్కువన్నది ఒక కారణం. పెద్ద కంపెనీలకేమో ఈ జనం దగ్గర ఖర్చుపెట్టడానికి డబ్బుందన్న నమ్మకమే లేదు. కొత్తగా తయారయ్యే ప్రతి సెట్‌కీ యూహెచ్‌ఎఫ్ ఉండి తీరాలన్న చట్టం వచ్చింది 1962లో, అమలైంది 1964లో. అంతదాకా ఆగే స్తోమత కోర్టెజ్‌కి లేకపోయింది. 1961లో స్టేషన్ అమ్మేశాడు. కొన్నవాళ్ళలో మెక్సికో టీవీ యజమాని అస్కారగా ఉన్నాడు, కోర్టెజ్ సొంత అల్లుడు ఎమిలియో నికొలస్ కూడా ఉన్నాడు. ఈ అల్లుడు చదివింది సైన్సు. పోలియో టీకా పరిశోధనల్లో పనిచేస్తున్నవాడు, దాన్ని వదిలేసి మామగారి స్టేషన్‌లో చేరాడు. స్టేషన్ పేరు కేడబ్ల్యూఈఎక్స్ అయింది. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో రెండో స్టేషన్ పెట్టారు, అలా ఒక్కో ఊరూ కలుపుకుంటూ నెట్‌వర్క్ కట్టారు. 1976లో ఆ స్టేషన్లని ఉపగ్రహంతో కలిపారు. విదేశీ యాజమాన్యం మీద నడిచిన తగాదాలో చివరికి అమ్మక తప్పలేదు. 1987 నుంచి ఆ నెట్‌వర్క్ పేరు యూనివిజన్. ఈ రోజు అమెరికాలో ఆ పేరు తెలియని స్పానిష్ ఇల్లు ఉండదు. దాని పునాది మా ఊళ్ళో ఒక చిన్న స్టూడియో.

ఆ భవనం సీజర్ చావెజ్ రోడ్డు మీద ఉండేది. బస్సులో వెళ్తూ ఏళ్ళ తరబడి చూశాను. చూడగానే ఆహా అనిపించే భవనం కాదు. 2013లో దాన్ని పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతామన్నప్పుడు వచ్చిన వాదన కూడా అదే: కట్టడంగా చూస్తే అందులో దాచుకోవాల్సింది ఏముంది అని. మెక్సికన్ కుటుంబాలు ఎక్కువగా ఉండే పశ్చిమవైపు పేటల వాళ్ళు అడ్డుపడ్డారు. ఇది గోడల గురించి కాదు, మా భాష తొలిసారి తెర మీదికొచ్చిన చోటు ఇది అన్నారు. కోర్టుకి వెళ్ళారు, భవనం ముందు నిలబడ్డారు, కొందరు అరెస్టయ్యారు. నవంబరులో కూల్చేశారు. పక్కింటావిడని నేనే కార్లో తీసుకెళ్ళాను. అప్పటికి కంచె వేసేసి ఉంది. కంచెకి వేళ్ళు పెట్టి కాసేపు లోపలికి చూసి "ఇంత చిన్న జాగానా" అంది. ఇంటికొచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

భవనం పోయిందన్న బాధ ఒక ఎత్తు. అందులో జరిగినవి చూద్దామన్నా లేకపోవడం ఇంకో ఎత్తు. వీడియో టేపు బజారులోకి వచ్చిందే 1956లో, అదీ విపరీతమైన ధరకి. కాబట్టి మొదటి ఏడాది లైవ్‌గా పాడిన పాటలు చాలావరకు గాలిలో కలిసిపోయి ఉంటాయి. టేపు వచ్చాక కూడా స్టేషన్లు ఒకే టేపుని చెరిపి మళ్ళీ మళ్ళీ వాడుకునేవి. అప్పుడు వాళ్ళకి వేరే దారి లేదు.

మనకి ఆ సాకు లేదు. తెలుగు గంటలు నడిపిన తరం క్యాసెట్ల తరం. ప్రతి కార్యక్రమమూ రికార్డయ్యే ఉంటుంది. ఎక్కడున్నాయవి? గరాజుల్లో, అటకల మీద, బేస్‌మెంట్లలో. క్యాసెట్ టేపుకి తేమ తగిలితే బూజు పడుతుంది, ఒక చుట్ట ఇంకో చుట్టకి అతుక్కుంటుంది. మా స్నేహితురాలు ఒకావిడ పదేళ్ళ పైన తెలుగు కార్యక్రమం నడిపింది. ఉగాది కవి సమ్మేళనాలు, ఇండియా నుంచి వచ్చిన పెద్దల ముఖాముఖీలు, ఇక్కడే పుట్టిన పిల్లలు తడబడుతూ చెప్పిన వేమన పద్యాలు, అన్నీ క్యాసెట్లకెక్కించింది. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లలు తెలియక చాలా పారేశారు. నేను వెళ్ళేసరికి ఒక చెప్పుల డబ్బా మిగిలింది. వాళ్ళని ఏమనగలం? అందులో ఏముందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

తానా, ఆటా లాంటి సంఘాలకి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. మహాసభలకి ప్రతిసారీ సావనీర్ అచ్చు వేస్తున్నారు. ఈసారి ఆ స్టాళ్ళ మధ్య ఒక బల్ల వేసి, ఒక మంచి క్యాసెట్ ప్లేయరూ ఒక ల్యాప్‌టాప్‌ పెట్టండి. టేపులు తెచ్చినవాళ్ళ ఎదురుగానే కాపీ తీసి, అసలు టేపు వాళ్ళకే ఇచ్చేయండి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ ఏడు అన్నది అప్పుడే రాసుకోండి. ఆ గొంతులు గుర్తుపట్టేవాళ్ళు డెబ్భైలు దాటుతున్నారు. కాపీలు ఇక్కడ ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, అక్కడ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంకోచోట ఉంటే మేలు.

నా దగ్గరున్న డబ్బాలో పదకొండు క్యాసెట్లున్నాయి. నాలుగు కాపీ చేశాను. ఐదోదాని మీద పేరు చెరిగిపోయింది. ఒక పాప "అనగననగ రాగ మతిశయిల్లుచునుండు" అని మొదలుపెట్టి మధ్యలో మర్చిపోతే వెనక నుంచి ఎవరో మగగొంతు అందిస్తోంది. అది మీ ఇంటి పాప అయితే, దయచేసి సంపాదకుల ద్వారా నాకు కబురు పెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శాన్ ఆంటోనియో, టెక్సస్