ఆరుసార్లు వచ్చినా ఒక్కరూ మా హెరాల్డ్ ఎక్కి చూడలేదు

కస్టమర్ సర్వీస్ జనరల్ మేనేజర్ గారికి,

అయ్యా,

ఫిబ్రవరి 11న మీ విజయవాడ షోరూంలో మా స్టాండర్డ్ హెరాల్డ్ కారుకి నాలుగు కొత్త టైర్లు వేయించాను. ఆ రోజు నుంచీ గుంటూరు హైవే మీద బండి 70 అందుకుంటే చాలు, స్టీరింగ్ వణుకుతోంది. మంగళగిరి వచ్చేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. టైరులో లోపం ఎవరికైనా వస్తుంది, దానికి నాకు కోపం లేదు. మూడున్నర నెలలుగా మీవాళ్లు నన్ను తిప్పుతున్న తీరుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటిసారి వస్తే బ్యాలెన్సింగ్ మళ్లీ చేశామన్నారు. రెండోసారి అలైన్‌మెంట్ అన్నారు, దానికి వేరే డబ్బులు కట్టించుకున్నారు. అలైన్‌మెంట్ తేడాగా ఉంటే బండి పక్కకి లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. 70 దగ్గర మొదలై 85 దాటాక తగ్గే వణుకు దానివల్ల కాదని మొత్తుకున్నాను. వినలేదు. మూడోసారి కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే "పాత బండి కదా సార్, ఆ మాత్రం ఊగుద్ది" అన్నాడు.

ఇది 1966 మోడల్, మద్రాసులో తయారైంది. ఇంగ్లండ్ ట్రయంఫ్ కంపెనీ వాళ్ల స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు ఈ హెరాల్డ్ ఛాసీనే, అంటే అడుగు చట్రాన్నే, కుదించి కట్టింది. ముందు చక్రాల దగ్గర కింద ట్రనియన్‌లో, అంటే చక్రం అటూ ఇటూ తిరిగే కీలులో, గ్రీజు కొట్టకూడదు, గేర్ ఆయిలే పోయాలి. మా నాన్నగారు 1974 నుంచీ ఆ పని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. అలాంటి బండిని పాతదని తీసిపారేయడానికి మీ కుర్రాడికి నోరెలా వచ్చింది?

కాల్ సెంటర్ సంగతి మరీ ఘోరం. కంప్యూటర్‌లో హెరాల్డ్ పేరు లేదని ఒకమ్మాయి ఆల్టో అని రాసుకుంది. నేను వద్దంటూనే ఉన్నాను. తర్వాత వారంటీ అడిగితే, "రికార్డులో ఆల్టో ఉంది, మీ బండి ఆల్టో కాదు, కుదరదు" అన్నారు! సూపర్‌వైజర్ 48 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. ఫోన్ రాలేదు, "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. అలాంటి మెసేజ్‌లు నాలుగు దాచాను.

చివరికి ఆటోనగర్ మేస్త్రీ, నేనూ కలిసి చూసుకున్నాం. 75లో ఉండగా న్యూట్రల్ చేసినా వణుకు పోలేదు, అంటే ఇంజిన్ కాదు. ముందు చక్రాలు వెనక్కి మారిస్తే వణుకు స్టీరింగ్ వదిలి సీటు కిందికి వచ్చింది. ఆ రెండు చక్రాలనీ ఒక్కొక్కటే జాకీ మీద లేపి, ఇటుక మీద సుద్దముక్క ఆనించి తిప్పాం. రిమ్ముల చుట్టూ గీత సమంగా పడింది. ఎడమ చక్రం టైరు మీద మాత్రం జానెడు మేర తెల్లగా అంటుకుంది, మిగతా చుట్టూ సుద్ద తగల్లేదు. టైరు ఆ జానెడు మేర ఉబ్బి ఉంది. అలాంటి టైరుకి బ్యాలెన్సింగ్ అంటూ ఎన్నిసార్లు సీసం ముక్కలు కొడితే మాత్రం ఏం లాభం? ఈ పరీక్షకి మాకు పట్టింది అరగంట. ఫొటోలు పంపితే సైజు ఎక్కువైందని మీ మెయిల్ తిప్పి పంపింది.

1998లో స్కూటర్ టైరు దగ్గర్నుంచి మా ఇంట్లో ప్రతి టైరూ మీ దగ్గరే కొన్నాం. మా తోడల్లుడినీ పక్కింటివాళ్లనీ నేనే మీ షాపుకి తీసుకొచ్చాను. ఆరుసార్లు వచ్చాను. ఒక్కరైనా పక్కన కూర్చుని, ఆ స్టీరింగ్ పట్టుకుని చూశారా? నాన్నగారికి 87 ఏళ్లు. సాయంత్రం అలా కరకట్ట మీదికి తీసుకెళ్లమంటారు. "బండి ఎందుకురా వణుకుతోంది, నేను సరిగ్గా చూసుకోలేదా?" అని ఆయన అడుగుతుంటే నాకు గొంతు పెగలడం లేదు.

వారం గడువిస్తున్నాను. మాట్లాడే అధికారం ఉన్న మనిషి మా ఇంటికొచ్చి, నాతోపాటు మంగళగిరి దాకా బండిలో రావాలి. ఆ టైరు మార్చాలి, అలైన్‌మెంట్ డబ్బు వెనక్కివ్వాలి, నాన్నగారికి క్షమాపణ చెప్పాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఆ నాలుగు మెసేజ్‌లూ, సుద్ద గీత ఫొటోలూ అక్కడే చూపిస్తాను.

ఇట్లు,
హెరాల్డ్ యజమాని కొడుకు,
విజయవాడ

జతపరిచినవి: బిల్లులు రెండు, మెసేజ్‌ల కాపీలు, ఫొటోలు (ఈసారి ప్రింట్ తీయించి పెట్టాను).