చలికాలపు సద్ది: పొయ్యి దగ్గర పనికొచ్చే సంగతులు

తల్లిదండ్రులకు నమస్కారం.

పత్తి ఏరుడు, కంది కోత ఒక్కసారే మీద పడే రోజులివి. తెల్లారేసరికి చేలకు పోవాల్సిన ఇండ్లల్లో పొయ్యి మీద ఛాయ్ తప్ప ఇంకోటి ఎక్కడం కష్టమే. దాంతో చాలామంది పిల్లలు ఛాయ్‌లో రెండు బిస్కెట్లు ముంచుకొని తిని బడికొస్తున్నారు. మధ్యాహ్నం గంట కొట్టేదాకా కడుపులో అంతే. రెండో పీరియడ్ దాటాక తలలు బల్ల మీద వాలిపోతున్నాయి.

బడిలో పెట్టే భోజనానికి ఒక లెక్క ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు తలా 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. దాంతో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది లెక్క. అది ఒక పూటకు సరిపోయేదే గానీ రోజంతా ఎదిగే పిల్లకు చాలదు. మిగిలింది పొద్దున, రాత్రి ఇంట్లోనే పూడాలి.

ఈ నెలల్లో దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. అనపకాయలు, కందికాయలు, చిక్కుడు, వంకాయ, టమాటా, మెంతి, పాలకూర, చుక్కకూర, జామ, రేగుపండ్లు చేలల్లో, అంగట్లో ఉన్నాయి. యాసంగి పల్లి జనవరి చివరికి మొదలవుతుంది. రాత్రే సగం పని చేసిపెట్టుకొని పొద్దున పావుగంటలో ముగించే తీరు, ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో ఈ నెల లేఖలో రాస్తున్నాను.

జొన్నరొట్టె

"మా పిల్లలు రొట్టె తినరు, గట్టిగుంటదంటరు" అని సమావేశాల్లో ఎక్కువగా వినిపించే మాట. తప్పు జొన్నది కాదు. పిండి పాతదైనా, నీళ్లు సరిగా మసలకపోయినా రొట్టె గట్టిపడుతుంది.

జొన్నపిండి రెండు మూడు వారాలకు సరిపడానే పట్టించండి. పాతబడ్డకొద్దీ జిగురు తగ్గి రొట్టె అంచులు పగులుతాయి. సజ్జపిండి ఇంకా తొందరగా చెడుతుంది. సజ్జల్లో నూనె ఎక్కువ కాబట్టి పట్టించిన వారం పది రోజులకే చేదెక్కడం మొదలవుతుంది. నెలకు సరిపడా సజ్జలు ఒకేసారి గిర్నీకి పంపకండి, వారానికి రెండు కిలోలు చాలు.

గోధుమలో ఉండే సాగే జిగురు జొన్నలో లేదు. మసిలే నీళ్లు పడ్డప్పుడు పిండిలోని గంజి ఉడికి ఆ జిగురు వస్తుంది. అందుకే గోరువెచ్చని నీళ్లతో పని కాదు. రెండు గ్లాసుల పిండికి ఒకటిన్నర గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా మసలనిచ్చి, పిండి మధ్యలో గుంట చేసి పోయండి. గరిటెతో కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాత అరచేతి మడమతో ఐదు నిమిషాలైనా గట్టిగా మర్దన చేయాలి. పిండి మొత్తాన్ని ఒకేసారి మర్దన చేసి పెట్టుకుంటే చివరి రొట్టెకు వచ్చేసరికి ఆరిపోతుంది. ఒక్కో ముద్ద తీసుకొని, చేయి తడి చేసుకొని మర్దన చేసి, వెంటనే కొట్టండి. మిగతాది తడి గుడ్డ కింద ఉంచండి.

అంచులు పగిలితే నీళ్లు చల్లబడ్డాయనో మర్దన చాల్లేదనో అర్థం. పీటకు అంటుకుంటే నీళ్లు ఎక్కువైనట్టు, కొంచెం పొడిపిండి చల్లుకోండి. పెంక బాగా వేడెక్కాకే రొట్టె వేసి, పైన తడి చేత్తో నీళ్లు రాయండి. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. పూర్తిగా ఆరేదాకా ఆగితే పైన పగుళ్లొచ్చి రొట్టె పొంగదు. సన్న మంట మీద చాలాసేపు కాల్చితే తేమంతా పోయి అప్పడంలా అవుతుంది. మంట మధ్యస్తం కంటే కొంచెం పెద్దగానే ఉండాలి. రెండు వైపులా కలిపి రెండు మూడు నిమిషాలు చాలు.

సద్దిడబ్బాలో పెట్టేటప్పుడు జరిగే తప్పు ఒకటుంది. వేడివేడిగా స్టీలు డబ్బాలో మూసేస్తే ఆవిరి నీరై కింది రొట్టె ముద్దవుతుంది, పైది చల్లారాక బిరుసెక్కుతుంది. కాల్చిన రొట్టెను రెండు నిమిషాలు విప్పిపెట్టి, శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి ఆ తర్వాత డబ్బాలో పెట్టండి. చిన్న పిల్లలకైతే ముక్కలు చేసి, కొంచెం నెయ్యో నువ్వులనూనెనో రాసి, బెల్లం తురిమి కలిపి మలీద ముద్దలు కట్టివ్వండి. బతుకమ్మకు చేసే మలీద చలికాలం పొద్దున తినకూడదని ఎక్కడా లేదు.

అనపకాయలు, కందికాయలు

కాయ మీద రంధ్రం ఉంటే లోపల పురుగు ఉంటుంది. పిల్లల కోసం కాయను కాయలాగే ఉడకబెట్టే అలవాటున్న ఇండ్లల్లో ముందు రంధ్రాలున్నవి ఏరి, ఒలిచి చూడండి. లేత కందికాయలు ఉప్పునీళ్లలో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు, అనపకాయలు ఇరవై నిమిషాలు ఉడికితే చాలు. రాత్రి ఉడకబెట్టి, నీళ్లు వంపి, ఆరబెట్టి పెడితే పొద్దున పిల్లలు జేబులో వేసుకొని వచ్చేయొచ్చు.

అనపగింజల్ని పచ్చివి నమలనివ్వకండి. పచ్చి గింజల్లో కడుపుకు పడని పదార్థాలుంటాయి, ఉడికించి ఆ నీళ్లు పారబోస్తేనే పోతాయి. ఎండిన అనుములకైతే ఇంకా జాగ్రత్త కావాలి. ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టి, నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఉడకబెట్టండి. కుక్కర్లో మూడు నాలుగు విజిల్స్, మామూలు గంజులో దాదాపు ముప్పావుగంట.

కూరకు: ఒలిచిన అనపగింజలు పావుకిలో (కాయలైతే అరకిలోకు పైనే కావాలి), లేత వంకాయలు పావుకిలో, రెండు ఉల్లిగడ్డలు, రెండు టమాటాలు, నాలుగైదు ఎల్లిపాయ రెబ్బలు. గింజల్ని ముందు విడిగా ఉడికించి వంపుకోండి. పోపులో ఉల్లిగడ్డ ఎర్రబడ్డాక వంకాయ వేసి మూతపెట్టి ఆరేడు నిమిషాలు మగ్గించి, ఉడికిన గింజలు, పసుపు, ఉప్పు, కారం వేసి, టమాటా చివర్లో వేయండి. దించేముందు వేయించి దంచిన నువ్వులు రెండు చెంచాలు, పల్లీలు రెండు చెంచాలు. ఐదుగురికి సరిపోతుంది. పొద్దున రొట్టెలోకి, రాత్రి అన్నంలోకి.

టమాటా, చింతపండు ముందే వేస్తే గింజ ఎంతసేపైనా మెత్తబడదు. పులుపు గింజ తొక్కను గట్టిపరుస్తుంది. పప్పు వండేటప్పుడు కూడా ఇంతే, పప్పు మెదిగాకే చింతపండు రసం పోయండి. గ్యాస్ కూడా మిగులుతుంది.

వంటనీళ్లు

"పప్పు ఉడకట్లేదు" అంటే చాలాసార్లు పప్పు మంచిదే, నీళ్లు కఠినం. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గింజ తొక్కను బిగదీస్తాయి. మన నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లకు ఇంకో పెద్ద చిక్కు కూడా తోడవుతుంది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. తాగే నీళ్లు నల్లాలోవి పట్టుకుంటూ, వంటకు మాత్రం ఇంటి బోరు వాడే ఇండ్లు ఇంకా ఉన్నాయి. అన్నం, పప్పు, అంబలి అన్నీ నీళ్లను పీల్చుకునేవే, కాబట్టి ఆ ఫ్లోరైడ్ కడుపులోకే పోతుంది.

నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగేనీళ్లలో అది లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన నల్లగొండ పేరే ఉంది గానీ, కొలతలు తప్పితే చెడే పని అది, ఇంట్లో ప్రయత్నించకండి. వంటకూ నల్లాలో వచ్చే మిషన్ భగీరథ నీళ్లే వాడండి, బోరు నీళ్లు గిన్నెలకు, బట్టలకు ఉంచండి. నల్లా రోజూ రాని ఊళ్లల్లో తాగను, వండను కలిపి మనిషికి రోజుకు ఐదారు లీటర్ల లెక్కన మూతున్న బిందెలో దాచుకుంటే సరిపోతుంది.

ఫ్లోరైడ్ ఉన్న చోట కాల్షియం తక్కువైతే ఎముకలకు నష్టం ఎక్కువ. అందుకే తైదలు (రాగులు), నువ్వులు, పాలు, పెరుగు, మునగాకు ఇక్కడి పిల్లలకు ఇంకా అవసరం. వంద గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది.

తైదంబలి

రాత్రి చేసి పెట్టగలిగే పొద్దుటి తిండి ఇదే. నలుగురికి ఆరు గ్లాసుల నీళ్లు మసలబెట్టండి. ఒక గ్లాసు చల్లనీళ్లలో ఎనిమిది చెంచాల తైదపిండి ఉండల్లేకుండా కలిపి, మసిలే నీళ్లలో సన్నటి ధారగా పోస్తూ కలియబెట్టండి. పొడిపిండి నేరుగా వేస్తే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. ఎనిమిది పది నిమిషాలు ఉడికి, పచ్చివాసన పోయి, రంగు ముదిరాక దించి మూతపెట్టండి. పొద్దున చిక్కటి మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిగడ్డ కలిపితే అయిపోయినట్టే. ఎండాకాలంలో రాత్రికి రాత్రే పులుస్తుంది గానీ చలికి పులవదు. పులుపు కావాలంటే గోరువెచ్చగా ఉన్నప్పుడే రెండు చెంచాల పాత అంబలో మజ్జిగో కలిపి, ఆరిన పొయ్యి పక్కన పెట్టండి.

ఛాయ్ పొద్దున వద్దు. తిండిలోని ఇనుమును ఛాయ్ ఒంటికి పట్టనివ్వదు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర కూడా పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, పక్కన ఛాయ్ తాగితే సగం వృథా. ఆ రోజైనా ఏదో ఒకటి తినిపించి పంపండి. జామపండో, కూరలో పిండిన నిమ్మకాయో తోడుంటే ఇనుము బాగా పడుతుంది.

ఆకుకూరలు, పల్లీలు

ఆకుకూర కడిగేటప్పుడు నీళ్లు వంపకండి, అడుగున చేరిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది. పెద్ద గిన్నెలో ముంచి, ఆకును పైకి తీసి, నీళ్లు మార్చి, మూడుసార్లు. కడిగాకే తరగండి. గంగవాయిలి, పొన్నగంటి లాంటి చేలగట్ల కూరలు మంచివే, కానీ పత్తిచేను గట్టు మీదివి మాత్రం వద్దు. మందు కొట్టింది కడిగితే పోతుందన్న నమ్మకం పెట్టుకోకండి.

పల్లి విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. తడిగా బస్తాకెత్తిన కాయకు బూజు పడుతుంది, అందులో కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారవుతుంది. వేయించినా, పొడి చేసినా ఆ విషం పూర్తిగా పోదు. ఊపితే గింజ గలగలమనేదాకా ఎండబెట్టండి. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, నోట్లో చేదు తగిలినవి పారేయండి. "పిల్లలకే కదా" అని ఏరగా మిగిలిన తాలును పట్టీలకు వాడే అలవాటు మానాలి.

పల్లిపట్టీకి పావుకిలో పల్లీలు దోరగా వేయించి పొట్టు తీయండి. రెండొందల గ్రాముల బెల్లం నాలుగు చెంచాల నీళ్లలో కరిగించి, వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టండి. పాకం చుక్క చల్లనీళ్లలో వేసి విరిస్తే టప్పుమని విరగాలి. సాగితే ఇంకా కాలేదు, అప్పుడే దించితే పట్టీ పళ్లకు అంటుకుంటుంది. పల్లీలు కలపగానే నూనె రాసిన పళ్లెంలో పరిచి, వేడి మీదే గాట్లు పెట్టండి.

బడి సంగతులు

జనవరి నుంచి శనివారాల్లో సాయంత్రం గుడాలు (ఉడికించిన గింజలు) పెట్టాలని అనుకుంటున్నాం: ఒక వారం శనగలు, ఒక వారం బొబ్బర్లు, ఒక వారం ఉలవలు. చేలో పండినవి ఇవ్వదలచినవారు ఒక్కో ఇంటి నుంచి కిలోకు మించి పంపకండి, నిలవ ఉంచితే పురుగు పడుతుంది. బస్తాలో పురుగు మాత్ర పెట్టిన గింజలు అస్సలు వద్దు.

బడితోటలో సంక్రాంతి సెలవుల తర్వాత బెండ, సొర, బీర, గోకరకాయ పెడతాం. ఇంట్లో దాచుకున్న గింజలుంటే కాగితంలో చుట్టి, పేరు రాసి పంపండి. దుకాణంలో కొన్న రంగు పూసిన విత్తనాలకు మందు పట్టించి ఉంటుంది, వాటిని పిల్లల చేతికివ్వకండి.

పల్లి, నువ్వులు, గుడ్డు, పాలలో ఏదైనా పడని పిల్లలుంటే, తిన్నాక దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం ఎప్పుడైనా వచ్చి ఉంటే, గుడాలు మొదలయ్యేలోపు తరగతి టీచర్‌కు కాగితం మీద రాసి పంపండి. నోటిమాటగా పిల్లలతో చెప్పి పంపితే మా దాకా రావట్లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు