నాన్న ఉత్తరం, కనిగిరి నుంచి

బుజ్జమ్మా,

నాన్న దీవెనలు. ఉద్యోగం మానేసి స్టాండప్ కామెడీకి మైకు పట్టుకుంటానన్నావంట, మీ అమ్మ అన్నం దగ్గర కూడా మాట్లాడటం లేదు. నాకంత బాధేం లేదు. బస్సులో కండక్టరుగా చేసినన్నాళ్లూ నేను చేసిందీ అదే కదా, టికెట్లు కొట్టడం అదనం.

హిందీ సినిమా కమెడియన్ జానీ లీవర్ మన కనిగిరిలోనే పుట్టాడు, 1957లో. అప్పటికి మనూరు నెల్లూరు జిల్లా కిందే ఉండేదిలే, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో కదా. అసలు పేరు జాన్ ప్రకాశరావు. ఇంట్లో జరగక ఏడో తరగతితో బడి మానేశాడు. బొంబాయి వీధుల్లో సినిమా హీరోల గొంతులు పెట్టి పెన్నులమ్మాడు. తర్వాత వాళ్ల నాన్న పనిచేసే హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే చేరాడు. అక్కడో ఫంక్షన్లో పై ఆఫీసర్లను అనుకరిస్తే తోటి కార్మికులు 'జానీ లీవర్' అన్నారు, అదే పేరైపోయింది. స్టేజీ షోలు చేస్తూ కూడా ఫ్యాక్టరీ వదల్లేదు, 1981లో గానీ మానలేదు. 'బాజీగర్' సినిమా వచ్చి దశ తిరిగింది 1993లో. మధ్యలో పన్నెండేళ్లు, లెక్కేసుకో. అందుకని రాజీనామా కాయితం ఇప్పుడే ఇవ్వమాక. శని, ఆదివారాలు నీవే కదా.

వాళ్లమ్మాయి జేమీ కూడా స్టాండప్ చేస్తుందని మీ అమ్మకు చెప్పా. "ఆ పిల్ల తండ్రి జానీ లీవరు, మరి మీరెవరు?" అంది.

ఇక నువ్వు పంపిన వీడియో. మనూరోళ్ల గారపళ్ల మీద జోకుకి హాల్లో బాగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి మోకాళ్లు వంగక, నా భుజం పట్టుకుని బస్సు మెట్టెక్కినోళ్లు గుర్తొచ్చారు. జానీ అనుకరించింది ఆఫీసర్లను, పక్క మిషను వాణ్ణి కాదు. జోకు తీసెయ్యమనను. ఎలక్షనొచ్చినప్పుడల్లా మంచినీళ్ల పథకానికి కొబ్బరికాయ కొట్టిపోయేవాళ్ల మీదికి తిప్పు. పళ్లు అందులోనే ఉండనీ.

సరుకు కావాలంటే నా దగ్గరుంది. పొదిలిలో ఒక ముసలామె ఎక్కింది. చిల్లర లేక టికెట్టు వెనక మూడు రూపాయలని రాసిచ్చా. చీమకుర్తి దాటినా, ఒంగోలు వచ్చినా ఆమె నా సంచీ మీంచి చూపు తిప్పలేదు. నేను వెనక సీట్ల దాకా పోతే మెడ కూడా నాతోపాటే తిరిగింది. దిగేటప్పుడు మూడు రూపాయలూ చేతిలో పెడితే, "రాసింది నేను కూడా ఉంచుకుంటా నాయనా, మళ్లీ ఎక్కితే పనికొస్తది" అంది.

వాడుకో. వాటా అడగనులే.

ఇట్లు,
మీ నాన్న